మూడు తెరల మీద ఆయతు

కొంటా బస్టాండు ఎదురుగా ఫోటోల కొట్టు పెట్టిన కొత్తలో చక్రి వచ్చినవాళ్లందరికీ ఒక గారడీ చూపించేవాడు. ఫోనులో ఎవరో పెళ్లికొడుకు ఫోటో తెరిచి, చుట్టూ సగం పూలదండ గీసి, ఫోను పక్కన పడేసేవాడు. టాబ్లెట్ తీస్తే అందులో అదే పెళ్లికొడుకు, అదే సగం దండ. అక్కడ ఇంకో నాలుగు పూలు గుచ్చి కంప్యూటర్ ముందుకు వెళ్తే, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే దండ సాగేది.

"ఇందుల ఉంటే అందుల ఉంటది, అందుల ఉంటే దాంట్ల ఉంటది. నేను ఏడికి పోతే పని నా ఎంబడి వస్తది" అనేవాడు, అదేదో తానే కనిపెట్టినట్టు.

సంతకు వచ్చిన జనం నోళ్లు తెరిచి చూసేవాళ్లు. వాళ్లమ్మ అన్నపూర్ణమ్మ మాత్రం మూతి విరిచేది. ఆమె భర్తకు అదే వీధిలో బట్టల కొట్టు ఉండేది. "మీ నాయనకు ఒక్కటే కత్తెర ఉండెరా. పట్టిండంటే గుడ్డ తెగేదాక దించకపోతుండె. నీకు మూడు కత్తెరలు, ఒక్క గుడ్డా తెగదు" అనేది.

పెద్దల మాట చద్దన్నం మూట అంటారు గానీ, మూట విప్పేవాడేడి? పని ఎక్కడికైనా వెంట వస్తుంటే దాన్ని ముగించాల్సిన తొందర ఎక్కడా కనిపించదు. బస్సులో మొదలుపెట్టింది కొట్లో పూర్తి చేయొచ్చు, కొట్లో వదిలింది మంచం మీద చూడొచ్చు. అట్లా చక్రి చేతిలో సగం సగం పనులు బోలెడు తిరుగుతుండేవి. వాటిలో ఆయతు ఫోటో ఒకటి.

ఆయతుది గొల్లపల్లి దాటి అడవిలోకి ఉన్న చిన్న పల్లె. దొర్ల తెగ మనిషి. పోయినేడు సంతలో కోడిపందెం జరిగినప్పుడు ఆయన ఎర్రకోడి గెలిచింది. దాన్ని భుజం మీద కూర్చోబెట్టుకుని, ముందు పన్ను లేని నోటితో ఆయన విరగబడి నవ్వుతుంటే చక్రి ఫోనుతో తీశాడు. ఆ మనిషికి అంతకుముందు ఫోటో లేదని కాదు. ఆధార్ కార్డు మీద ఒకటి ఉంది. కింద పేరు చదివి చెబితే తప్ప అది ఆయతని కట్టుకున్న భార్య కూడా నమ్మదు.

ఆ భార్య కమ్లీ. తర్వాతి సంతకు చింతపండు గంప దించి, ఫోనులో మొగుణ్ణి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "కాయితం మీద కావాలె బిడ్డా" అంది.

"ఇస్త పెద్దమ్మా. ఎనక ఎవరెవరో నిలబడ్డరు, వాళ్లను తీసేసి ఇస్త."

ఇంకో సంతకు వచ్చేసరికి టాబ్లెట్‌లో వెనక ఉన్న జనం పోయారు. "కాయితం?" అంది కమ్లీ. మొహం మీద నీడ పడింది, సరిచేసి ఇస్తానన్నాడు. మరో సంతకు కంప్యూటర్‌లో నీడ పోయింది. కోడి రంగు ఇంకొంచెం తేలాలన్నాడు. వచ్చినప్పుడల్లా ఆయతు ముందుకంటే బాగుండేవాడు, కాగితం మాత్రం ఉండేది కాదు. "యాడికి పోతడు పెద్దమ్మా, మూడిట్ల ఉన్నడు" అని నవ్వేవాడు చక్రి. కమ్లీ కూడా నవ్వి గంప ఎత్తుకునేది.

వానలు పడ్డాక ఆయతు జ్వరంతో పోయాడు.

ఆ సంగతి చక్రికి తెలిసేసరికి ఇంకొకటి కూడా జరిగిపోయింది. పెళ్లిళ్ల రోజులు, ఫోను నిండిపోయి మొండికేసింది. పాత సంత ఫోటోలన్నీ గంపగుత్తగా ఎంచి తుడిచేశాడు. చెత్తబుట్టలో కూడా మిగలకుండా దులిపేశాడు. కంప్యూటర్‌లో ఎట్లాగూ ఉంటాయి కదా అని ధీమా. ఇందులో ఉంటే అందులో ఉంటుందని ఊరందరికీ చెప్పినవాడు, ఇందులో తుడిస్తే అందులోనూ ఉండదని తనకు తాను ఒక్కసారి చెప్పుకోలేదు.

కమ్లీ వచ్చి గడప దగ్గర కూర్చుంది. చుట్టాలందరికీ కబురు వెళ్లిందని, ఆయతుకు రాయి నిలబెడుతున్నామని చెప్పింది. వాళ్లలో పోయిన మనిషికి రాయి నిలబెట్టి, దాని మీద అతని బొమ్మ, అతను ఇష్టపడినవన్నీ రంగులతో గీయిస్తారు. రాయి నిలబెట్టి ఇప్పసారా పోశాక ఇక దాన్ని కుంచె తాకకూడదు. "బొమ్మలేసే సుక్రాం వచ్చిండు. కాయితం ఇయ్యి బిడ్డా, మొకం గీస్తడు."

చక్రి ఫోను తెరిచాడు. లేదు. కంప్యూటర్ వెతికాడు. లేదు. అయినా నోరు మాత్రం అలవాటు తప్పలేదు. "నువ్వు పో పెద్దమ్మా. రేపు నేనే మీ ఊరికి పట్టుకొస్త" అన్నాడు.

ఆమె వెళ్లాక గుర్తొచ్చింది, టాబ్లెట్! ఆ మధ్య వాళ్ల పల్లె బడిలో పిల్లల ఫోటోలు తీయడానికి వెళ్లినప్పుడు దాని ఛార్జింగ్ అయిపోతే, అక్కడి పంతులు దేవేంద్ర గురూజీ ఇంట్లో సోలార్ పలక దగ్గర పెట్టి మరిచి వచ్చాడు. ఆ పల్లెలో సిగ్నల్ లేదు. తుడిచేసిన సంగతి దానికింకా తెలిసి ఉండదు. కొంటా మొత్తంలో సిగ్నల్ లేనందుకు సంతోషించిన మొదటి మనిషి చక్రే అయ్యుంటాడు.

తెల్లారీ తెల్లారకముందే బండి మీద పోయి గురూజీ ఇంట్లో టాబ్లెట్ తెరిచాడు. ఉన్నాడు. భుజం మీద ఎర్రకోడితో, పన్ను లేని నోటితో నవ్వుతూ ఉన్నాడు ఆయతు.

టాబ్లెట్‌ను కమ్లీ ఇంటికి పట్టుకుపోతే, ఆమె దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. మొగుడు పోయాక ఆయన మొహం చూడటం ఇదే మొదటిసారి. తమ దొర్లి మాటల్లో మెల్లగా ఏదో చెప్పింది, కొంచెం తిట్టినట్టు, కొంచెం బతిమాలినట్టు. వాకిట్లో రాయి పడుకోబెట్టి ఉంది. సుక్రాం కొబ్బరిచిప్పల్లో రంగులు కలుపుతున్నాడు.

"ఆ డబ్బ ఇట్ల ఆనించి పెట్టు సేటూ. చూసుకుంట మొకం దించుత. పొద్దుగూకే లోపల అయిపోతది" అన్నాడు సుక్రాం.

పెట్టి ఉంటే అయిపోయేది. కథ ఇక్కడితో ఆగిపోయేది, మనమూ సంతోషంగా లేచి వెళ్లేవాళ్లం. కానీ చక్రికి సిగ్గుగా ఉంది. ఏడాది తిప్పుకున్న తప్పును చిన్న తెరతో సరిపెట్టడానికి మనసొప్పలేదు. "ఎండల ఏం కనబడతది? పెద్ద కాయితం తీసుకొస్త. నిలువెత్తు మనిషి లెక్క ఉంటడు. మాపటికల్లా నీ చేతిల పెడత" అన్నాడు.

కమ్లీ టాబ్లెట్‌ను వెంటనే ఇవ్వలేదు. "దీన్ని ఈడనే ఉంచి పోరాదు బిడ్డా?"

"ఇది లేకుంటే కాయితం ఎట్లొస్తది పెద్దమ్మా?"

అదీ నిజమే అనుకుందేమో, కొంగుతో తెర తుడిచి ఇచ్చేసింది.

దారిలో ఒక గుట్ట ఉంది. ఆ చుట్టుపక్కల సిగ్నల్ అందేది అక్కడే. ఎంత పని మీద పోయేవాడైనా అక్కడ బండి ఆపుతాడు, మాట్లాడుకుంటాడు, పోతాడు. చక్రి కూడా ఆపాడు. జేబులో ఫోను టింగు టింగుమంది. ఎవరో పెళ్లివాళ్లు తొందరపెడుతున్నారు. జవాబిచ్చి, బండరాయి మీద కూర్చుని టాబ్లెట్ తీశాడు. ఫోటోలో ఒక పక్కన ఇంకా ఎవరిదో మోచెయ్యి మిగిలింది. దాన్ని ఇక్కడే కత్తిరిస్తే కొట్టుకు పోగానే ప్రింటు కొట్టడమే కదా అనుకున్నాడు. టాబ్లెట్‌లో సిమ్ లేదు కాబట్టి భయం లేదనుకున్నాడు.

సిమ్ లేదు నిజమే. కానీ పక్కన ఫోనుంటే చాలు, అడగకుండానే దాని సిగ్నల్ తీసుకొమ్మని ఆ టాబ్లెట్‌కు మొదటిరోజే నేర్పింది చక్రే. మాటిమాటికీ నొక్కే బాధ లేకుండా.

వేలు మోచేతి మీద ఉండగానే ఆయతు మొహం బూడిద రంగుకు తిరిగింది. మరుక్షణం ఆ చోటులోకి పక్క ఫోటో జరిగి వచ్చింది. ఎవరో పెళ్లికూతురు.

ఫోను ఆపాడు. టాబ్లెట్ ఆపాడు. మళ్లీ తెరిచాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏముంది! గురూజీ ఇంట్లోనే ఆ తెరను ఫోనుతో ఒక్క ఫోటో తీసుకున్నా సరిపోయేది. గుట్ట దగ్గర ఆగకపోయినా సరిపోయేది. సుక్రాం మాట విన్నా, అంతకుముందు ఏ ఒక్క సంతనాడైనా మోచెయ్యి ఉంటే ఉందిలే అని కాగితం తీసిచ్చినా సరిపోయేది. ఆ బండ మీద కూర్చుని చక్రి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కొంటాకు పోకుండా వెనక్కి తిరిగాడు. ఆ మాత్రం మనిషితనం మిగిలింది.

"ఏందిరా, అప్పుడే అచ్చినవ్?" అంది కమ్లీ అతని ఉత్త చేతులు చూస్తూ.

"పోయిండు పెద్దమ్మా. మూడిట్లకెల్లి పోయిండు."

"యాడికి పోయిండు? పొద్దున ఈ చేతులల్ల ఉండె గదా."

చక్రి ఏదో చెప్పబోయాడు. ఫోను, సిగ్నల్, తుడిచివేత. సగంలో తన మాటల మీద తనకే అసహ్యం పుట్టి ఆపేశాడు.

చుట్టాలు వచ్చేశారు, మేకను తెచ్చేశారు, రోజు మార్చే వీల్లేదు. సుక్రాం పంచె గీశాడు, భుజం గీశాడు, భుజం మీద ఎర్రకోడి గీశాడు. మొహం దగ్గర కుంచె ఆపి చుట్టూ చూశాడు. ముక్కు పొడుగన్నాడు తమ్ముడు. కాదు, చప్పిడి అంది వదిన. చివరికి అందరూ కమ్లీ వైపు తిరిగారు.

ఆమె చాలాసేపు కళ్లు మూసుకుంది. "నాకు గూడ అస్తలేదు" అంది. "సంత సంతకు అందుల చూసి చూసి, నాకు యాదికున్న మొకం గూడ అదే అయిపాయె. గిప్పుడు అది పోతే ఇది గూడ పోయింది. ఇడ్సిపెట్టు సుక్రాం."

రాయి నిలబడింది. సారా పోశారు. మొహం ఉండాల్సిన చోట ఉత్త రాయి, పక్కన కోడి మాత్రం బతికున్నట్టే ఉంది.

తర్వాతి సంతనాడు కమ్లీ కొట్టుకొచ్చింది. గంప బయటే దించి, లోపలికి వచ్చి స్టూలు మీద నిటారుగా కూర్చుంది. "నాది తియ్యి. కాయితం వచ్చేదాక లేవ."

చక్రి తీశాడు. వెలుగు సరిచేయలేదు, వెనక గోడ మీది మరక తీయలేదు. కొట్లోంచి కదల్లేదు. మధ్యలో ఫోను మోగి మోగి ఆగిపోయింది. కాగితం బయటికి వచ్చేదాకా యంత్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వెచ్చగా ఉన్న ఆ కాగితాన్ని రెండు చేతులతో ఆమెకు ఇచ్చాడు. "తప్పు జేసిన పెద్దమ్మా" అన్నాడు.

కమ్లీ తన మొహం తాను చూసుకుంది. కోపం లేదు, అడుగుతున్నట్టుగానే అడిగింది.

"రేపు నేను పోతే దీన్ని చూసి నా మొకం గీస్తరు. ఆయన పక్కనే నిలబెడతరు. ఆయనకేమో మొకం లేకపాయె. నేను ఎవని పక్కన నిలబడ్డనో చూసేటోళ్లకు ఎట్ల తెలుస్తది బిడ్డా?"

ఆమె కాగితం మడత పడకుండా చీర కొంగులో చుట్టుకుని, గంప ఎత్తుకుని సంతలోకి వెళ్లిపోయింది.