మూతి పైకి పెట్టి కడిగిన రైఫిల్

జనార్దనం రైఫిల్‌ను సంచిలోంచి తీసి నా బల్ల మీద పెట్టిన తీరుకే నాకు ఒళ్లు మండింది. దబ్బుమని పడేసి, "ఏందప్పా హుస్సేన్ వలీ, నువ్వు చేసిన రిపేరు ఇదేనా?" అన్నాడు. నంద్యాలలో తుపాకులు బాగుచేసే లైసెన్సు మా నాయన కాలం నుంచీ మాకుంది. ముప్పై ఏళ్లుగా నేనీ బల్ల దగ్గరే కూర్చుంటున్నాను. నా పనికి వంక పెట్టినవాణ్ని అంత తేలిగ్గా వదలను.

జనార్దనం ఆళ్లగడ్డలో ఒక బ్యాంకుకు కాపలా ఉంటాడు. రైఫిల్ అతని సొంతం. వాళ్ల నాయన పోయాక లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకున్నాడు. అది ఉంది కాబట్టే ఆ ఉద్యోగం వచ్చింది. ఏడాదికోసారి బ్యాంకు సెక్యూరిటీ ఆఫీసరు ముందు ఐదు గుండ్లు కాల్చి చూపించాలి. మొన్నటి పరీక్షలో మూడు పేలలేదు. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంది, అంతే. సోమవారం మళ్లీ పరీక్ష. ఈసారి పేలకపోతే ఉద్యోగం ఊడినట్టే. పైగా, ఎందుకు పేలలేదో బాగుచేసినవాడి చేత కాగితం రాయించుకుని రమ్మన్నారట.

"బ్యారెల్ అద్దం మాదిరి ఉంది సూడు. వారం వారం కడుగుతాండా. తప్పు నీ పనిలోనే ఉంది," అన్నాడు.

"నోరు మూసుకోని కూచో," అని బ్యారెల్ వెనకుండే బోల్టు బయటికి లాగాను. లాగుతుంటేనే బంకగా తగిలింది. విప్పి చూస్తే ఫైరింగ్ పిన్ను చుట్టూ, దాన్ని ముందుకు తోసే స్ప్రింగు చుట్టూ నల్లటి జిగురు పాకంలా పట్టి ఉంది. పిన్ను కదలడానికే ఆపసోపాలు పడుతుంటే ఇక గుండును ఏం గట్టిగా కొడుతుంది? ట్రిగ్గర్ దగ్గరా అదే జిగట. వాసన చూశాను. బ్యారెల్ కడిగే మందు. మసిని కరిగించే ఆ మందు బ్యారెల్‌లోనే ఉండాలి. బోల్టులోకి దిగిందంటే అక్కడి పాత నూనెనూ మసినీ కలుపుకుని ఇలాగే గడ్డ కడుతుంది.

"మందు ఈడికెట్లా వచ్చిందప్పా? సీసా ఎత్తి కుమ్మరిచ్చినావా?"

"నేనేం కుమ్మరీలే. చెప్పినట్టే చేస్తాండా."

"అయితే నా ముందర చేసి చూపీ."

బోల్టు తుడిచి మళ్లీ ఎక్కించి రైఫిల్ చేతికిచ్చాను. అతను దాన్ని గోడకు నిలబెట్టాడు. కర్ర భాగం నేల మీద, మూతి పైకి. సీసా మూత నిండా మందు తీసి మూతిలోంచి పోశాడు. కడ్డీకి గుడ్డ చుట్టి పైనుంచి కిందికి దింపాడు. బోల్టు తీయనైనా తీయలేదు. పోసిన మందు ఎక్కడికి పోతుంది? తిన్నగా బోల్టులోకే దిగుతుంది. ఈ మాత్రం తెలివి లేదా అని నాకు నవ్వూ వచ్చింది, చిరాకూ వచ్చింది.

"బోల్టు తీసేసి, మూతి కిందికి వాల్చి, వెనక నుంచి కడగల్లప్పా! గుడ్డ తడిపితే చాలు. పోసేదేందీ? ఎవురు చెప్పినారు నీకు ఈ పద్ధతి?"

జనార్దనం నా వంక వింతగా చూశాడు. "నువ్వే గదప్పా. ఈడనే నిలబెట్టి చూపిచ్చినావు. తుపాకి మూతి నేలను చూడగూడదు, చూస్తే ఇంటికి మంచిది గాదు అని మీ నాయన మా నాయనకు చెప్పినాడంట. నువ్వు నాకు చెప్పినావు."

అతను చెప్పింది నిజమే. మా నాయన దగ్గర నేను మొదట నేర్చుకున్న మాట అది. మూతి నేలకు వాల్చితే చెంప పగిలేది. ఆయన పని నేర్చుకున్న కాలంలో వచ్చేవన్నీ మూతిలోంచి పేలుడు మందు దట్టించే తుపాకులు. వాటికి వెనక దారే లేదు కాబట్టి నిలబెట్టే కడిగేవాళ్లు. తుపాకులు మారాయి. నా చెయ్యి కూడా మారింది, బల్ల మీద నేను వెనక నుంచే కడుగుతాను. గిరాకీలకు చూపించేటప్పుడు మాత్రం తుపాకి నిలబెట్టేవాణ్ని, నోట్లోంచి మా నాయన మాటే వచ్చేది. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఈ రెండిటినీ కలిపి ఆలోచించలేదు. బోల్టు జిగటపట్టి వచ్చిన ప్రతివాణ్నీ తిట్టి పంపాను. తలుచుకుంటే సిగ్గేసింది.

భాగాలన్నీ విప్పి, కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, పల్చగా నూనె రాశాను. నా రాత నాకే అర్థం కాదు గనక కాగితం రాయడానికి మా అమ్మాయి ముబశ్శిరాను పిలిచాను.

"కారణం ఏమని రాయల్ల నాయనా?" అంది.

యజమాని అజాగ్రత్త అని రాస్తే ఆ కాగితంతోనే జనార్దనం ఉద్యోగం పోతుంది. తుపాకి పాతబడిందని రాస్తే తుపాకినే వద్దంటారు. రెండూ అబద్ధాలే. జనార్దనం నా వైపే చూస్తున్నాడు.

"కడిగే పద్ధతి నేనే తప్పు చెప్పినానని రాయి."

"వచ్చే నెల మన లైసెన్సు రెన్యువల్ ఉంది నాయనా. ఈ కాగితం ఆ ఆఫీసుకు పోతే?"

"రాయమంటాండా గదా!" అని అరిచాను. ధైర్యం ఉండి కాదు, భయంతోనే అరిచాను.

సోమవారం నేనూ ఆళ్లగడ్డ పోయాను. ఊరవతల మైదానంలో సెక్యూరిటీ ఆఫీసరు భానుప్రియ మేడం ముందు జనార్దనం బోర్లా పడుకుని గురి పెట్టాడు. మొదటి గుండు పేలింది. నేను వేళ్లు మడిచి లెక్కపెడుతున్నాను. ఐదూ పేలాయి. జనార్దనం లేచి నిలబడి, బట్టలకంటిన మట్టి కూడా దులుపుకోకుండా నా చెయ్యి పట్టుకున్నాడు. మేడం అతని పుస్తకంలో సంతకం పెట్టి, తర్వాత నా కాగితం చదివింది. రెండుసార్లు చదివింది.

"మీరు ఈ పద్ధతి ఇతనికొక్కడికే చెప్పినారా?" అని అడిగింది.

శిరివెళ్ల మిల్లు దగ్గర కాపలా ఉండే ముస్తఫా, మిడుతూరు మహీధర్, నంద్యాలలో డబ్బు వ్యాన్ల వెంట తిరిగే మనుషులు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్లంతా భుజాన ఉన్నదాన్ని నమ్ముకుని ఈ పూట కూడా డ్యూటీలో నిలబడి ఉంటారు.

"అందరికీ చెప్పినా మేడం," అన్నాను.