బాపు ఫోటో

పదకొండో రోజు కాలువ గట్టు మీద విస్తరాకు పరిచి, మధుకర్‌కు ఇష్టమైనవన్నీ వడ్డించి, పక్కన గ్లాసులో చాయ్ కూడా పెట్టి, ఇంటివాళ్లంతా దూరంగా జరిగి నిలబడ్డారు. పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడికి ఏదో మిగిలిపోయిందని ఎడపల్లిలో అందరి నమ్మకం. గంట దాటింది. కాకులు కరెంటు తీగ మీద కూర్చుని ఊరి ముచ్చట్లు చెప్పుకుంటున్నాయి తప్ప ఒక్కటీ దిగలేదు.

“పెండ్లి జేయలేదని అలిగిండో ఏమో,” అంది మేనత్త సాయవ్వ.

“కొత్త బండి కొనియ్యలేదనేమో,” అన్నాడు చుట్టాల్లో ఒకాయన. బోధన్ రోడ్డు మీద బండి జారే కదా మధుకర్ పోయింది! ఆయన వెంటనే నాలుక కరుచుకున్నాడు. చెల్లెలు వినీతకు కోపం రావాల్సింది. రాలేదు. పది రోజులుగా ఆమెకు ఏదీ రావడం లేదు, ఏడుపుతో సహా. చుట్టాలు దాన్ని ధైర్యం అనుకుంటున్నారు. చుట్టాలన్నాక ఏదో ఒకటి అనుకోవాలి కదా.

అన్నకు మిగిలిన పనేమిటో ఆమెకు తెలుసు. అన్నాచెల్లెళ్లు కలిసి రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని నెట్‌లో పెట్టిన కోడ్ ఒకటుంది. యాప్‌లకు వచ్చే ఫోటోలను తెరిచి సరిచేసి ఇవ్వడం దాని పని. తెగులు పట్టిన ఆకును ఫోటో తీసి పంపితే మందు చెప్పే రైతుల యాప్‌తో మొదలై, ఇప్పుడు వందల యాప్‌లు దాన్నే వాడుతున్నాయి. అందులో కన్నం ఉందనీ, తప్పుడు ఫోటో పంపి దానిగుండా ఎవరైనా యాప్‌లోకి దూరవచ్చనీ మూడు నెలల కింద ఒక మెయిల్ వచ్చింది. ఫలానా తేదీ సాయంత్రం ఆరింటికి సంగతి అందరికీ చెప్పేస్తామని కూడా రాశారు. ఇలాంటి కన్నాలు వెతికి చెప్పేవాళ్ల పద్ధతే అది, గడువు పెడితేనే మూస్తారని. మధుకర్ నాన్చి నాన్చి, “రెండు రోజుల్లో మూసేస్తా” అని జవాబిచ్చిన మర్నాడే పోయాడు. ఆ తేదీ ఈ రోజే.

“నేను ఇంటికి వోతున్న బాపు. అన్న పని ఒకటున్నది,” అంది తండ్రి రాజారాంతో.

“పిట్ట ముట్టకముందే వోతవా?” సాయవ్వ గుడ్లురిమింది.

“పోనీ అక్కా,” అన్నాడు రాజారాం.

ప్రతి ఫోటో ఫైలు మొదట్లో దాని పొడుగూ వెడల్పూ రాసి ఉంటాయి. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తా మీద రాసిన తూకాన్ని నమ్మకుండా మళ్లీ కాంటా పెట్టినట్టు, ఆ కొలతలనూ సరిచూడాలి. మొదట్లో సరిచూసేవాళ్లు. బాపు ఫోన్‌తో వచ్చింది తంటా. చవగ్గా దొరికిందని కొన్న ఆ ఫోన్ ప్రతి ఫోటో మీదా తప్పు కొలతే రాసేది. బాపు వరి ఆకు ఫోటో పంపడం, యాప్ చెల్లదు పొమ్మనడం. “నేనేమన్న దొంగ ఫోటో పంపుతున్ననారా?” అని ఆయన చిన్నబుచ్చుకున్నాడు. అంతే, కొడుకు ఆ తనిఖీనే పీకేశాడు. మెయిల్‌లో చెప్పిన కన్నం అదే. పీకేసిన చోట ఒక మాట రాసిపెట్టాడు: “బాపు ఫోటో. నమ్మాలె.”

మూడు నెలలు ఎందుకు నాన్చాడో వినీతకు అర్థమైంది. ఆ ఒక్క ఫోన్‌కు మినహాయింపు ఇద్దామా అని తనూ చూసింది. కుదరదు. నేనూ ఆ ఫోన్‌నే అని ఏ దొంగయినా చెప్పుకోగలడు. తనిఖీ మళ్లీ పెట్టింది. మొత్తం పదకొండు వరుసలు. అన్న పరీక్ష కోసం ఉంచుకున్న ఫోటో తీసింది. బాపు చెయ్యి, చేతిలో వరి ఆకు. “ఇది తెరుచుకోవాలి” అన్నచోట “తెరుచుకోకూడదు” అని మార్చింది. అన్న రాసిన మాట తుడిచేసి, నాలుగింటికల్లా కొత్త కోడ్‌ను అందరికీ విడుదల చేసింది. ఏమీ అనిపించలేదు. లేచి మంచినీళ్లు తాగింది.

అప్పుడొచ్చాడు రాజారాం, ఫోన్ చేత్తో పట్టుకుని.

“ముట్టింది బిడ్డా! నువ్వు వోయినంక చానసేపటికి. ఫోటో తీసిన. నా ఫోన్ల మసకమసక కనవడ్తది, నీ దాంట్ల పెద్దగ జేసి సూపెట్టు.”

వినీత ఫోన్‌ను లాప్‌టాప్‌కు తగిలించి, ఇప్పుడే విడుదల చేసిన కోడ్‌తోనే ఫోటో తెరవబోయింది. ఏమవుతుందో తెలిసే తగిలించింది. తెర మీద ఒక్క వాక్యం వచ్చింది: కొలత తప్పు, ఈ ఫోటో చెల్లదు.

“ఏమంటున్నది?”

“తెరుచుకోదు బాపు. నీ ఫోన్ ఫోటోలు ఇగ తెరుచుకోయి. నేనే బంద్ జేసిన.”

“అన్న తెరిచిండు గద.”

“తెరిచిండు. గది తప్పు.”

పాత కోడ్‌తో ఈ ఒక్క ఫోటో తెరిచి చూపించవచ్చు, రెండు నిమిషాల పని. ఆమె చెయ్యి కదల్లేదు. రాజారాం ఆ వాక్యాన్ని కాసేపు చూశాడు. తర్వాత కిందనే చతికిలబడ్డాడు.

“అయితే నేనే చెప్త, ఇను. ఒక్కటే పిట్ట. ఒక కాలు కుంటుతున్నది. కూర ముట్టలే, బూరె ముట్టలే. సీదా వచ్చి చాయ్ గిలాసల ముక్కు వెట్టి, గిలాస కింద వడగొట్టింది. మావోడు ఎన్నడన్న ఒలకవొయ్యకుండ చాయ్ తాగిండా?” ఆగి, కూతురి మొహంలోకి చూశాడు. “నమ్ముతవా?”

వినీత ఆయన పక్కనే కింద కూర్చుంది. పది రోజులూ ఎక్కడుందో ఆ ఏడుపంతా ఒక్కసారిగా వచ్చింది. తండ్రి భుజం మీద తల పెట్టి, ఆయనకు వినపడేదాకా చెప్పింది.

“నమ్ముత బాపు. నమ్ముత.”