కొక్కెం ఇంటివైపు తిరిగే వేళ

పొద్దున్నే పాపకి కడుపునిండా పాలిచ్చి, అత్తగారి చేతిలో పెట్టి, సందు చివర కడుతున్న భవనం దగ్గరికెళ్ళి క్రేన్ ఎక్కేది ఆవిడ. కింద పనివాళ్ళంతా క్రేనమ్మ అనేవాళ్ళు. పసిపిల్లని పక్కలో పడుకోబెట్టినట్టు ఇనుప దూలాలు దించుతుందని మేస్త్రీ కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఇంట్లో పాపకి ఆకలేస్తే క్రేన్ కొక్కెం దానంతటదే ఇంటివైపు తిరిగేది. బరువు వేలాడుతుంటే మాత్రం కదిలేది కాదు, దించాకే తిరిగేది. దానికా మాత్రం బుద్ధుంది. "పిల్లకి ఆకలేసినట్టుంది" అనుకుని పనివాళ్ళు పక్కకి జరిగేవాళ్ళు, అంతే. క్రేనమ్మ దాన్ని బలవంతంగా వెనక్కి లాగి మళ్ళీ పనిలో పడేది. పాలు పిండుకోవడానికి సీసా, మంచుపెట్టె పైనే ఉన్నాయి. కానీ సగం నిండిన కాంక్రీట్ బకెట్టుని ఆవిడ ఏనాడూ పైకెత్తి ఎరగదు. పాలకీ అదే లెక్క వేసింది. రొమ్ములు బిగుసుకుపోయి, నొప్పికి కళ్ళు తిరిగేదాకా ఆగేది.

పాలు తగ్గిపోయాయి. డబ్బాపాలు పడితే పాప ఉమ్మేస్తోంది. బంగారు బొమ్మలాంటి పిల్ల, చేతులు పుల్లల్లా అయిపోయాయి. క్రేనమ్మ గుండె రాయి చేసుకుని మేస్త్రీతో చెప్పేసింది.

"ఇంకో డ్రైవర్‌ని చూసుకోండి. నెలాఖరుకి దిగిపోతా."

మేస్త్రీ మొహం చిన్నబోయింది.

పాపని తూకం వేసిన నర్సమ్మ సంగతంతా విని తల కొట్టుకుంది. "నిండేదాకా ఆగుతావా తల్లీ? అలా వదిలేస్తే, ఇన్ని పాలు అక్కర్లేదేమోనని ఒళ్ళు చెయ్యడం తగ్గించేస్తుంది. పాప ఇంట్లో తాగే వేళకే నువ్వక్కడ పిండెయ్యాలి. చుక్కలొచ్చినా సరే."

"ఎప్పుడు తాగుతుందో నాకెలా..." అనబోయి క్రేనమ్మ నాలిక కరుచుకుంది.

మర్నాటి నుంచి కొక్కెం తిరగడమే ఆలస్యం, బ్రేకు వేసి సీసా అందుకునేది. మొదట్లో సీసా అడుగు కూడా సరిగ్గా తడిసేది కాదు. ఏడుపొచ్చేది. ఏడుస్తూనే పిండేది. అబ్బ, ఏం పట్టుదల మనిషండీ! కింద తాపీవాళ్ళు ఒక్కరూ గొణగలేదు, ఆ కాసేపూ టీ తాగేవాళ్ళు. సాయంత్రం ఇంటికి తెచ్చిన పాలు మర్నాడు అత్తగారు పట్టేది.

నెలాఖరు రోజు మధ్యాహ్నం కొక్కెం తిరగలేదు. పాప తాగే వేళ దాటిపోయింది. అయినా కదల్లేదు. క్రేనమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. నిచ్చెన దిగి ఇంటికి పరుగెత్తింది. వెనకాలే మేస్త్రీ.

గుమ్మంలో అత్తగారు నోటిమీద వేలేసుకుంది. "ష్! ఇప్పుడే పడుకుంది. ఆకలనకముందే పట్టేశా, సీసాడు పాలూ తాగేసింది. ఇంకో సీసా మిగిలే ఉంది. కడుపు నిండినదానికి కొక్కెమెందుకు తిరుగుతుందే, పిచ్చిదానా?"

పాప పెదాల మీద పాలచారిక. గుండ్రటి బొజ్జ పైకీ కిందికీ ఆడుతోంది. క్రేనమ్మ గడప మీద కూలబడి హాయిగా ఏడ్చేసింది. తర్వాత చేత్తో మొహం తుడుచుకుని మేస్త్రీ వంక చూసింది.

"రేపొచ్చే డ్రైవర్‌కి కబురు పెట్టండి, రావొద్దని."