తిట్టే వరస

చిపాటా బజారులో ధన్‌సుఖ్ బట్టల కొట్టు అరుగు మీద రోజూ ఒకటే గొడవ. బడిపంతులు కపెంబ్వాది బెంబా తెగ, టమాటాలమ్మే జెరెమ్మది న్గోనీ తెగ. ఆ రెండు తెగలకూ తాతలనాటి బావామరదళ్ళ వరస; ఏం తిట్టినా, ఏం ఎత్తుకుపోయినా తప్పులేదు.

"ఎలుకలు తినే జాతి!" అనేవాడు పంతులు.

"కోతిని కూరొండుకున్న నోటితో మాట్లాడకు," అనేది జెరెమ్మ.

ఇద్దరూ పగలబడి నవ్వి, ధన్‌సుఖ్ వైపు తిరగ్గానే మర్యాదగా "బాగున్నారా, బ్వానా?" అనేవాళ్ళు. తాత ఇండియా నుంచి వచ్చిన నాటి నుంచీ ధన్‌సుఖ్‌ది ఈ ఊరే. అయినా వరస కలిపి తిట్టేవాడు ఒక్కడూ లేడు. 'మీ దేశం పో' అనేవాళ్ళున్నారు గానీ అది వరస కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అనేశాడు. "ఏం పంతులూ, ఇవాళ కోతి తోక నీకా, మీ ఆవిడకా?"

లోపల భార్య కుసుమ్ కత్తెర పక్కన పెట్టి బయటికి తొంగిచూసింది.

"నన్ననడానికి నువ్వేం వరస?" అన్నాడు పంతులు. 'మీరు' ఎగిరిపోయింది.

"న్గోనీ వరస. వీళ్ళ నేలమీదే పుట్టాను."

"ఎలుకైనా తినకుండా మాలో ఎప్పుడు కలిశావు?" జెరెమ్మ నడుం మీద చెయ్యేసింది.

"తినకూడదమ్మా. మా దేవుడు దానిమీదెక్కి తిరుగుతాడు."

జెరెమ్మ టమాటాల బుట్ట దొర్లిపోయేలా నవ్వింది. "మీరెక్కుతారు, మేం తింటాం. ఎలాగైనా ఎలుక చుట్టరికమే! కలిసినట్టే పో."

మర్నాడు పంతులు వచ్చి, మాటా పలుకూ లేకుండా ధన్‌సుఖ్ కుర్చీ నెత్తినెత్తుకుని బస్టాండు వైపు పరుగెత్తాడు.

"దొంగ! పోలీసుల్ని పిలవండి!" అంది కుసుమ్.

"నోర్ముయ్యవే, మనవాడు!" అంటూ ధన్‌సుఖ్ చెప్పుల్లేకుండా వెంటపడ్డాడు.

నడివీధిలో కుర్చీ వేసుక్కూర్చున్నాడు పంతులు. "నిన్నటి నోటిదురుసుకి జరిమానా! బట్ట ముక్కిస్తేనే లేస్తా." ధన్‌సుఖ్ కుర్చీ కాలు పట్టి లాగుతున్నాడు.

బస్సు దిగిన పరాయివాడొకడు మండిపడ్డాడు. "చూడండి, ఈ ఇండియావాడి పొగరు! మీ దేశం పోరా!"

పంతులు దిగ్గున లేచాడు. "ఎవడ్రా నువ్వు? వీణ్ణి తిట్టే హక్కు నాది. వరస చెప్పి తిట్టు, లేదా బస్సెక్కు."

వాడు సణుక్కుంటూ పోయాడు. ధన్‌సుఖ్ కుర్చీ కాలు వదిలేశాడు. "ఒక్క గజమే ఇస్తా, పిసినారి బెంబా!" అన్నాడు.

ఇద్దరూ చెరోవైపూ పట్టుకుని కుర్చీ తెచ్చేసరికి గుమ్మంలో కుసుమ్, కొలబద్ద చేత్తో పట్టుకుని.

"ఈయన న్గోనీ అయితే మరి నేనో?" అంది పంతులుతో.

"నువ్వూ అంతే, మరదలా."

"అయితే కుర్చీ దింపి నిలబడు. ముప్పై ఏళ్ళ తిట్లున్నాయి నా దగ్గర."