అత్తయ్య లేని నవల

నూట ఎనభై పేజీలు చదివినా ఎర్రపెన్ను మూత తీయాల్సిన పని పడలేదు. ప్రూఫ్ రీడరమ్మ మనసు కీడు శంకించింది. పదమూడు పుస్తకాలుగా ఈ రచయిత ఆమె చేత మూడు చెరువుల నీళ్లు తాగించాడు. రాసేవన్నీ రాబోయే శతాబ్దాల కథలే. కానీ ఏ గ్రహానికి వెళ్లినా అక్కడ చెప్పులు వెతుక్కుంటూ, అందరినీ తిడుతూ ఒక మేనత్త ఉండాల్సిందే. వాక్యం మొదలుపెడితే పేజీ తిరిగినా ఆగదు. "అంతరిక్షంలో అత్తయ్యకేం పని?" అని పక్కన రాసి ఆమె కొట్టేసేది. ఆయన ప్రెస్సుకొచ్చి పోట్లాడి, సగం మళ్లీ పెట్టించుకునేవాడు. పాఠకులు పడీ పడీ నవ్వుకున్నది ఆ సగానికే.

ఈ నవలలో అత్తయ్య లేదు. వాక్యాలు బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. ఏ యంత్రం చేతో రాయించి ఉంటాడు, అనుకుంది. అలాంటి అనుమానం వస్తే చీటీ రాసివ్వమని పబ్లిషరు చెప్పాడు. చీటీ వెళితే పుస్తకం ఆగిపోతుంది, ఆయన ముప్పై ఏళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. ముందు కళ్లారా చూద్దామని మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్లింది.

బల్లమీద గుడ్డ కప్పిన కంప్యూటరు ఉంది. ఇంకేం, దొంగ దొరికాడు.

"కొత్తదాండీ?"

"మా మనవరాలిది. నాకు ఆన్ చేయడం కూడా రాదు."

ఆ మాట ఆమె నమ్మలేదు. "చిత్తుప్రతి ఒకసారి చూపిస్తారా?"

ఆయన నొచ్చుకోలేదు. బీరువాలోంచి కాగితాల కట్ట తెచ్చి ఇచ్చాడు. చేతిరాతే, అక్షరాలు వణికాయి. దానితోపాటు ఒక నోట్‌బుక్కు. తెరిస్తే అన్నీ ఆమె మాటలే, పాత ప్రూఫుల్లోంచి ఎత్తి రాసుకున్నవి. పొడుగెక్కువైంది. అనవసరం. అత్తయ్య వద్దు.

"ప్రతి పేజీకీ ఇది చూసుకున్నానమ్మా. మీరు కొట్టేసేవి నేనే ముందు కొట్టేశాను. ప్రెస్సు మెట్లెక్కి మీతో పోట్లాడే ఓపిక ఇక లేదు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. "అత్తయ్యను మళ్లీ పెట్టండి. ఈసారి నేను ముట్టుకోను."

"పెడదామనే చూశాను. ఆవిడ ఎలా తిట్టేదో గుర్తు రావడం లేదు," అన్నాడాయన. "మీకేమైనా గుర్తుందా?"

ఆమెకు అన్నీ గుర్తున్నాయి, కొట్టేసినవి మరీను. ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసి తల దించుకుంది.