ఎడమ ఈల, కుడి ఈల

నా కుక్క ట్విగ్ మూడోసారి తన మడమ కొరికాక, టపా వ్యాను నడిపే రాస్ ఇక ఇంటిదాకా రానని తేల్చేశాడు.

"నీ ఉత్తరాలు గేటు దగ్గర పెట్టెలో పడేస్తా, గ్లెనిస్. నా కాళ్ళతో నాకింకా పనుంది."

గేటు నా ఇంటికి నాలుగు కిలోమీటర్లు. వారానికి రెండుసార్లు నా వంటింట్లో టీ తాగే ఒకే ఒక్క మనిషి అలా దూరమయ్యాడు.

ట్విగ్ తప్పేమీ లేదు. అది కెల్పీ, గొర్రెల్ని తోలడానికే పుట్టిన జాతి. రెండేళ్ళ క్రితం నా మోకాళ్ళు మొరాయించడంతో మంద మొత్తం అమ్మేశాను. పదకొండు కోళ్ళు, ఆ కుక్క, నేను మిగిలాం. అది పొద్దస్తమానం కోళ్ళను నీళ్ళ ట్యాంకు మూలకి తోలి కాపలా కాసేది. బెదిరిపోయి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి.

చివరికి ట్విగ్‌ను తీసుకుంటావా అని డెస్ కార్మోడీకి ఫోన్ చేశాను. అరవై కిలోమీటర్ల అవతల అతనికి ఐదు వేల గొర్రెలున్నాయి. మా దగ్గర పద్ధతి ఒకటే. కొత్త కుక్కతో రెండు వారాలు పని చేయించి చూస్తారు. కుదిరితే ఉంచుకుంటారు, లేదంటే తెచ్చి దింపేస్తారు.

శనివారం డెస్ వచ్చి ట్విగ్‌ను పికప్ బండి వెనక తొట్టిలో గొలుసుతో కట్టేశాడు.

"ఊఁ, ఈలలు చెప్పు."

మందను ఎటు తోలాలో కుక్కకి ఈలతోనే చెబుతాం, ఎవరి ఈలలు వాళ్ళవి. కుక్కను ఇచ్చేవాళ్ళు ఈలలు కూడా ఇచ్చి పంపాలి. ఆగమనే ఈల వేసి చూపించాను. అతను అచ్చంగా అలాగే వేశాడు.

"ఎడమకి?"

ట్విగ్ నావైపే చూస్తోంది. ఇది పోతే ఇంట్లో నా మాట వినే ప్రాణి ఉండదు. కుడి ఈల వేశాను. కుడికి ఏదని అడిగితే ఎడమ ఈల వేశాను.

"తేలిగ్గానే ఉన్నాయే," అంటూ డెస్ బండెక్కాడు.

పనికిరాదని అతనే తిరిగి తెస్తాడు. నేను చెయ్యాల్సిందల్లా ఎదురుచూడడమే.

నాలుగు రోజులు రేడియో ఆపలేదు. బుధవారం పొద్దున ఫోన్ మోగింది.

"నీ కుక్కకి బుర్ర తిరగబడింది గ్లెనిస్! ఎడమకి పొమ్మంటే కుడికి పోతుంది. మూడొందల గొర్రెలు కంచె తెంచుకుని పోయాయి. రేపు తెచ్చేస్తాలే."

నవ్వొచ్చింది. గెలిచాను.

"అయినా పాపం," అన్నాడు డెస్. "బాగా తిట్టేశాను. ఇప్పుడు ఈల వినబడితే చాలు, బండి కిందికి దూరి వణుకుతోంది. తిండి కూడా ముట్టలేదు."

నవ్వు ఆగిపోయింది. అది నేను నేర్పినట్టే పరిగెత్తింది. సరిగ్గా చేసినందుకే తిట్లు తింది.

"నువ్వు రావద్దు, నేనే వస్తున్నా," అన్నాను.

డెస్ దొడ్డి దగ్గర బండి దిగుతూనే చెప్పేశాను. "ఎడమ, కుడి ఈలలు నీకు తారుమారు చేసి చెప్పాను."

"ఏంటీ?"

"అది నాకు తిరిగి రావాలని."

డెస్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఇవ్వనని చెబితే పోయేదానికి! పొద్దుట్నుంచీ కంచె బాగు చేస్తున్నానే తల్లీ!"

అసలు ఎడమ ఈల వేశాను. ట్విగ్ బండి కింద నుంచి పాక్కుంటూ వచ్చింది. ఒక్క క్షణం నన్ను చూసి, పొలానికి అడ్డంపడి విల్లులా వంగి పరిగెత్తింది. గొర్రెలన్నీ ఒక్క ముద్దగా కదిలాయి. రెండేళ్ళుగా దాన్నలా చూడలేదు. కోళ్ళ వెనక అదెప్పుడూ అలా పరిగెత్తలేదు.

"ఇంటికి తీసుకుపోతావా?" మెల్లగా అడిగాడు డెస్.

సరైన ఈలలు అతనికి నేర్పాను. అతను వేస్తే ట్విగ్ ఆగి నావైపు చూసింది. నేను కనబడితే అది అతని మాట వినదు. అందుకని దాన్ని ముట్టుకోకుండానే వెళ్ళి బండిలో కూర్చుని అద్దాలు ఎత్తేశాను. డెస్ ఈల మూడుసార్లు వినబడింది. మూడో ఈల వెనకే గొర్రెల డెక్కల చప్పుడు వచ్చింది.

ఇంటికి వెళ్ళే దారిలో ఆరు గేట్లు. ప్రతిదానికీ దిగి తెరవాలి, బండి దాటించాలి, మళ్ళీ దిగి మూయాలి. మూడో గేటు మూశాక బండి తలుపు పట్టుకుని నిలబడ్డాను, ఎప్పటిలా ట్విగ్ ముందు ఎక్కుతుందని. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

తర్వాత నేనే ఎక్కాను. ఇంకా మూడు గేట్లున్నాయి.