తుంటి మీదుగా దండయాత్ర

మానవజాతి చేసిన పొరపాట్లన్నిటిలోకీ ఘోరమైనది గడ్డం గీసుకోవడం. రాజ్యాలు శత్రువుల వల్ల కూలాయని చరిత్రకారులు రాస్తారు. నున్నటి చెంపలతో మొర పెట్టుకోవడానికి పోయినవాడి మీద ఏ కాలంలోనూ, ఏ కొలువులోనూ ఎవరికీ జాలి కలగలేదన్న సంగతి మాత్రం వారు దాటవేశారు. ఈ సత్యానికి సజీవ నిదర్శనం తూర్పు కెంటకీ కొండల్లో, మా మాజీ సైనికుల హాలులో, కాఫీ యంత్రం పక్కనున్న బల్ల దగ్గర కూర్చునేది. దాని పేరు ఆరిన్ టాకెట్.

ఆరిన్ పారాచూట్ దళంలో పనిచేశాడు. ఒకసారి దూకినప్పుడు గాలి అతణ్ణి రాళ్ళ మీదికి విసిరింది. కుడి మోకాలు నుజ్జయింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ మోకాలి గాయం తీవ్రత తేల్చమని మాజీ సైనికుల శాఖవారు అతణ్ణి డాక్టర్ ఆష్‌క్రాఫ్ట్ దగ్గరికి పంపితే, మావాళ్ళందరూ చేసే పనే అతడూ చేశాడు. నున్నగా గీసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని, బూట్లకు మెరుగు పెట్టి, చేతికర్రను ట్రక్కులోనే వదిలి వెళ్ళాడు. పై అధికారి పిలిచినప్పుడు కుంటుకుంటూ హాజరు కావడం సైన్యంలో మర్యాద కాదు కదా! "ఎలా ఉన్నారు?" అని డాక్టరు అడిగితే, "దివ్యంగా ఉన్నాను సార్, ఫిర్యాదేమీ లేదు" అన్నాడు. పళ్ళు బిగబట్టి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కవాతు చేసి చూపించాడు. నడక మామూలే, రోగికి ఫిర్యాదు లేదు అని డాక్టరు రాశాడు. గాయం సైన్యంలో తగిలిందేనని శాఖ ఒప్పుకుని, భత్యం లెక్కగట్టడానికి తన దగ్గరున్న తరగతుల్లో అట్టడుగుదాన్ని దానికి ప్రసాదించింది.

ఆరిన్ అప్పీలు చేశాడు. ఆ అప్పీలు రాజధానిలో న్యాయమూర్తుల ముందు వరుసలో నిలబడింది. ఇంకా నిలబడే ఉంది. దాని మోకాళ్ళు ఆరిన్ మోకాళ్ళకన్నా గట్టివి.

ఆ హాలులో తోటి సైనికుల దరఖాస్తులు నింపిపెట్టేవాణ్ణి నేను. నౌకాదళంలో గుమాస్తాగా మొదలై, బడిలో లాటిన్ చెప్పి రిటైరైన నాకు చచ్చిపోయిన భాషలూ, చావని దరఖాస్తులూ రెండూ అలవాటే.

"మాస్టారూ, వాళ్ళిచ్చేది ఇస్తారో మానతారో నాకనవసరం," అన్నాడు ఆరిన్ ఒకనాడు. "ఆ ఆష్‌క్రాఫ్ట్ గాడు రాసింది శుద్ధ తప్పని వాడి నోటితోనే అనిపించాలి. అంతవరకూ నేను చావను."

"అప్పీలు తేలేదాకా మోకాలి మాటెత్తకు. అది జడ్జీల చేతిలో ఉంది. అదే గొడవ మళ్ళీ ఇక్కడ పెడితే రెండూ చిక్కుపడతాయి," అన్నాను. "నీ తుంటి ఎలా ఉంది?"

"తుంటా? అదెప్పుడో పోయింది. ఇన్నేళ్ళూ ఒక పక్కకే ఒరిగి నడుస్తున్నానా!"

"మరి నోరు మూసుకు కూర్చున్నావేమయ్యా? మోకాలు తమదేనని వాళ్ళే ఒప్పుకున్నారు. మోకాలి వల్ల తుంటి పాడైతే తుంటీ వాళ్ళదే. దానికి అనుబంధంగా వేరే క్లెయిము పెట్టొచ్చు. అప్పీలు దాని దారిన అది ఉంటుంది, ఇది దీని దారిన ఇది పోతుంది. మళ్ళీ వైద్య పరీక్షకి పిలుస్తారు."

"ఎవరు చేస్తారు?"

"ఈ కొండల్లో ఆష్‌క్రాఫ్ట్ తప్ప ఇంకెవడున్నాడు?"

ఆరిన్ నెమ్మదిగా నవ్వాడు. కోటగుమ్మం మూసి ఉందని ఇన్నాళ్ళూ గోడ కింద పడిగాపులు కాసిన సేనాపతికి దొడ్డిదారి కనబడితే అలాగే నవ్వుతాడు కాబోలు.

క్లెయిము వెళ్ళింది. పిలుపు వచ్చింది, డాక్టరు అతడే. ఇక మా హాలు యుద్ధశిబిరమైంది. ఒకప్పుడు ట్యాంకు నడిపిన హోబర్ట్ స్లోన్ వంటగదిలోంచి ఏప్రన్ తగిలించుకొచ్చి, తానే డాక్టరై ఆరిన్‌కు తర్ఫీదునిచ్చాడు.

"ఎలా ఉన్నారు?"

"బాగా..."

"చచ్చావ్ పో!" అని హోబర్ట్ గరిటెతో బల్ల మీద కొట్టాడు. "ఒరేయ్, నీ మర్యాద తగలెయ్య! ఇలాగైతే నీ తుంటికో పతకం తగిలించి ఇంటికి పంపుతారు."

"పొద్దున్నే మేజోడు తొడుక్కోలేక నన్ను తిట్టే తిట్లున్నాయి చూడు," అంది ఆరిన్ భార్య వెర్నా, "అవే ఆయన ముందు తిట్టు. చాలు."

"కల్పించొద్దు, దాచొద్దు," అన్నాను నేను. "సింగారాలన్నీ మానెయ్. చెడ్డరోజున ఇంట్లో ఎలా ఉంటావో అలాగే వెళ్ళు."

ఆరిన్ గడ్డం పెంచాడు. అది తెల్లగా, పగతో పెరిగింది. ఇస్త్రీపెట్టెను వెర్నా దాచేసింది. పరీక్షనాడు చేతికర్రతో, నలిగిన చొక్కాతో, భార్యను సాక్షిగా వెంటబెట్టుకుని అతడు బయల్దేరాడు. మేము చిక్కుడుగింజల సూపు, మొక్కజొన్న రొట్టె ముందు పెట్టుకుని, రణరంగం నుంచి వార్త కోసం కాచుకున్నాం.

మధ్యాహ్నం ఇద్దరూ తిరిగివచ్చారు. ఆరిన్ ఏమీ అనకుండా బల్ల చివర కూర్చుని రొట్టె అందుకున్నాడు. వెర్నా మాత్రం కోటు కూడా విప్పలేదు.

"అసలు ఈయన్ని గుర్తే పట్టలేదు," అంది. "ఎదురుగా కూర్చుని, మొహంలో మొహం పెట్టి గట్టిగా ఏవేవో అడిగాడు, ఈయనా సరిగ్గానే చెప్పాడు. కాలు ఎత్తించాడు, తిప్పించాడు. తుంటి పాడైంది మోకాలి కుంటు వల్లే, సందేహం లేదు, అలాగే రాస్తున్నానన్నాడు. తర్వాత అటు తిరిగి కంప్యూటర్లో పాత రిపోర్టు తెరిచాడు. చదివి ఏమన్నాడో తెలుసా? 'ఈ మోకాలికి నడక మామూలేనని రాసిన బుద్ధిహీనుడెవడు? వాడికి పట్టా ఇచ్చిందెవరు?' అన్నాడు!"

హాలంతా గొల్లున నవ్వింది. హోబర్ట్ గరిటె గాల్లోకి ఎగరేశాడు.

"ఆగండి! తర్వాత కింద సంతకం చూసుకున్నాడు. మెడ దాకా ఎర్రబడిపోయాడు పాపం. పావు గ్లాసు నీళ్ళు తాగాడు."

"మరి మనవాడేం చేశాడు?"

"రాయిలా కూర్చున్నాడు. ఒక్క ముక్క అనలేదు. లేచి, చెయ్యిచ్చి, థాంక్యూ సార్ అని బయటికొచ్చాడు. దారి పొడుగునా నోరు విప్పితే ఒట్టు. నాకైతే ఏడుపొచ్చింది."

ఓడిన రాజులను రథాలకు కట్టి నగరవీధుల్లో ఊరేగించిన రోమన్ సేనానుల గురించి నేను జీవితమంతా పాఠాలు చెప్పాను. వాళ్ళలో ఒక్కడికీ ఈ ఔన్నత్యం లేదు. శత్రువు తన నోటితో తన తలను తానే నరుక్కుంటుంటే, ఆ తల వంక కన్నెత్తైనా చూడకుండా, కరచాలనం చేసి లేచి వచ్చినవాడు మా మధ్య కూర్చుని రొట్టె నములుతున్నాడు. పగ అనేది ఇంత నిర్మలంగా తీరగలదని నాకు అంతవరకూ తెలియదు. హోబర్ట్ టోపీ తీసి గుండెకు హత్తుకున్నాడు. నేను కాఫీ కప్పు పైకెత్తి లేచి నిలబడ్డాను.

"ఆరిన్! ఆష్‌క్రాఫ్ట్ ఆ మాట అన్న క్షణాన నీ మనసులో ఏమనిపించిందో ఈ సభకు చెప్పు."

అతడు నములుతూనే ఉన్నాడు. హోబర్ట్ భుజం తట్టాక తలెత్తి, మా ముఖాలన్నీ చూసి, చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఏంటి మాస్టారూ? ఏ మాట?"

వెర్నా వంగి అతడి చెవుల్లోకి చూసింది. సింగారాలన్నిటితోపాటు మానేసిన వినికిడి యంత్రం ఇంట్లో, వంటగది కిటికీ గట్టు మీద ఉంది.